రెండు సంచులు, ఏడు ఉత్తరాలు

పైకి చూడకు. ముందున్నవాడి మడమలు చూడు, చాలు. అతను కాలు తీసిన గుంటలో నీ కాలు పెట్టు. అతను ఆగితే ఆగు, కదిలితే కదులు.

చిల్కూట్ కొండకి ఇది చివరి ఎక్కుడు. గడ్డకట్టిన మంచులో గొడ్డళ్ళతో చెక్కిన మెట్లు, సుమారు 1,500. ఒక మెట్టు మీద ఒక మనిషే పడతాడు. కింద నుంచి శిఖరం దాకా చీమల బారులా జనం. మాటల్లేవు, రొప్పు ఒక్కటే వినిపిస్తోంది. పక్కన పట్టుకోడానికి కట్టిన తాడు మంచు పట్టి గాజుకడ్డీలా ఉంది. కాస్త దమ్ము తీసుకుందామని బారులోంచి పక్కకి జరిగావో, మళ్ళీ దూరడానికి ఎవడూ చోటివ్వడు. అలా జరిగినవాళ్ళని దారి పొడుగునా చూస్తూనే ఉన్నావు. ఒంటి మీద చెమట చల్లారిపోయి, పళ్ళు టకటకలాడుతూ, ఎవడైనా జాలి పడతాడేమోనని మొహాల్లోకి చూస్తూ నిలబడ్డారు. నువ్వు కూడా జాలిపడలేదు.

ఇది 1898 మార్చి మొదటి వారం. ఏడాదిన్నర కిందట, 1896 ఆగస్టులో, ఈ కొండకి చాలా ఉత్తరాన, కెనడా యూకాన్ ప్రాంతంలో, క్లోండైక్ నదిలో కలిసే ఒక చిన్న వాగులో బంగారం దొరికింది. ఆ కబురూ, ఆ బంగారమూ కలిసి కిందటి జులైలో ఓడ దిగాయి. అప్పట్నుంచి ఊళ్ళకి ఊళ్ళు ఇటు ఎగబడ్డాయి. ఒక్కొక్కడూ ఏడాది తిండితో కలిపి దాదాపు టన్ను సామాను పైకి చేర్చుకోవాలి. అంటే ఇవే మెట్లు ముప్ఫై నలభై సార్లు. పిండి బస్తాలు, రంపాలు, ఇనప పొయ్యిలు. వాళ్ళతో పోలిస్తే నీది రాజభోగం. రెండుసార్లు ఎక్కితే సరి. నువ్వు మోసేవి రెండే సంచులు.

టపా సంచులు.

మొదటిదాన్ని పొద్దున్నే పైకి చేర్చావు. ఇది రెండోది. కాన్వాసు సంచి, మూతి బిగించి కట్టిన తాడు, ముడి మీద సీలు, పక్కన చీటీ. మొదటి సంచి అమెరికాది, సర్కిల్ అనే ఊరికి పోవాలి. ఇప్పుడు నీ వీపు మీదున్నది కెనడాది, బంగారం దొరికిన చోటి డాసన్ ఊరికి పోవాలి. నువ్వు సియాటిల్ మనిషివి. మరి పరాయి దేశపు సంచి నీ వీపున ఎందుకుంది?

శిఖరం మీదకి వచ్చేశావు. ఊపిరి తీసుకుని ఒక్కసారి వెనక్కి తిరిగి చూడు, అర్థమవుతుంది.

కింద కనిపించే లోయ, దాని కొసన సముద్రం, ఒడ్డున డైయీ ఊరు, అదంతా అమెరికా అలాస్కా. తీరం వెంబడి సన్నటి పట్టీలాంటి నేల అది. ఇటు, నువ్వు దిగబోయే వైపు, కెనడా. డాసన్ కెనడాలో ఉంది. కానీ సముద్రం మీంచి డాసన్‌కి పోవాలంటే దగ్గరి వాకిలి అమెరికా చేతిలో ఉంది. సరే, అమెరికాది పైచేయి అనుకుంటున్నావా? అదీ కాదు. డాసన్‌కి దిగువన యూకాన్ నది మళ్ళీ అమెరికా అలాస్కాలోకి పోతుంది. అక్కడ సర్కిల్ అని అమెరికా వాళ్ళ ఊరు. ఆర్కిటిక్ వలయం మీద ఉన్నామనుకుని ఆ పేరు పెట్టుకున్నారు, తీరా చూస్తే వలయం ఇంకా యాభై మైళ్ళ పైన ఉంది. చలికాలంలో నది గడ్డకడుతుంది, నదీముఖం దగ్గర సముద్రమూ గడ్డకడుతుంది, ఓడలు రావు. అప్పుడు సర్కిల్‌కి ఉత్తరం చేరాలంటే ఈ కొండెక్కి, కెనడా నేల మీద వందల మైళ్ళు పోవాలి. వాళ్ళ వాకిలి వీళ్ళ చేతిలో ఉంటే, వీళ్ళ పెరటిదారి వాళ్ళ చేతిలో ఉంది.

అందుకే ఒప్పందం. 1896లోనే అమెరికా తపాలా శాఖ ఈ కొండ మీదుగా సర్కిల్‌కి టపా కాంట్రాక్టు ఇచ్చింది. 1897లో రెండు దేశాలూ కూర్చుని డైయీ, డాసన్‌ల మధ్య నెలకోసారి టపా నడపాలని మాట్లాడుకున్నాయి. నా సంచి నీ నేల మీదుగా పోతుంది, నువ్వు విప్పకు. నీ సంచి నా నేల మీదుగా పోతుంది, నేను విప్పను. అంతకన్నా పెద్ద రహస్యమేం లేదు. పక్క దేశం టపాకి దారివ్వాలన్న నియమం 1874లో బెర్న్‌లో పెట్టుకున్న ఒడంబడికలోనే ఉంది. తపాలా బిళ్ళల లెక్క కూడా ఈ రెండు దేశాల మధ్య తేలిగ్గా తేల్చేశారు. అమెరికావాడు తన రెండు సెంట్ల బిళ్ళ అంటిస్తాడు, కెనడావాడు తన మూడు సెంట్ల బిళ్ళ అంటిస్తాడు, ఎవరు అమ్మిన బిళ్ళ డబ్బు వాళ్ళే ఉంచుకుంటారు. ఇదే సమయంలో మన నిజాం రాజ్యంలో నిజాం టపా ఒకటీ, ఇంగ్లీషువాడి టపా ఒకటీ పక్కపక్కనే నడుస్తున్నాయి. ఆ చిక్కుముళ్ళ ముందు ఈ ఒప్పందం చాలా సాఫీ.

"తరవాత!"

పోలీసు కేక. కొత్తగా వేసిన చెక్క గుడిసె, మీద యూనియన్ జాక్, పక్కన మాక్సిం తుపాకీ. నార్త్‌వెస్ట్ మౌంటెడ్ పోలీసులు పోయిన నెలే ఇక్కడ పాతుకున్నారు. సరిహద్దు ఇక్కడేనా అంటే, ఏమో! కెనడా వాళ్ళు కిందున్న ఊళ్ళు కూడా మావే అంటారు. అమెరికా వాళ్ళు ముందున్న సరస్సుల దాకా మాదే అంటారు. ఈ గొడవ 1903 దాకా తెగదు. ప్రస్తుతానికి తుపాకీ ఎక్కడుంటే గీత అక్కడ.

నీ ముందువాడి మూటలు విప్పించి చిక్కుళ్ళు, పంది మాంసం, మేకులు అన్నీ లెక్కపెట్టి సుంకం కట్టించుకుంటున్నారు. అతను గొణుక్కుంటూ డబ్బు తీస్తున్నాడు. కింద డైయీలో దీనికి తిరగబడ్డ బాగోతం చూశావు. కెనడాలో కొన్న సామానుకి అమెరికా సుంకం మనిషి కాపలాగా వస్తాడట, ఆ కాపలావాడి ఖర్చు సామాను మనిషే భరించాలట. ఇరుపక్కలా ఒకే పిసినారితనం.

నీ వంతు. సంచి దించుతావు. పోలీసు చేతి తొడుగు తీసి, వేలితో సీలు తడుముతాడు. చీటీ చదువుతాడు. విప్పడు. సుంకం మాటెత్తడు.

"పో."

మోయలేని బరువు మోసుకొచ్చిన నూరు మంది చూస్తుండగా నువ్వు నడుచుకుంటూ కెనడాలోకి పోతావు.

అవతల గడ్డకట్టిన చెరువు దగ్గర నీ తోడు మనిషి ఎదురుచూస్తున్నాడు. స్లెడ్జి, అయిదు కుక్కలు, ఎండు సాల్మన్ చేపల కట్ట. పొద్దున తెచ్చిన సర్కిల్ సంచిని మీదకి తీసి, డాసన్ సంచిని అడుగున పెట్టి, దానిమీద మళ్ళీ సర్కిల్ సంచి వేసి తోలు పట్టీలతో బిగిస్తారు. డాసన్ ముందొస్తుంది కదా, అది పైనుండాలి కదా అని నువ్వంటే, అతను నవ్వుతాడు. బరువైనది అడుగున ఉండాలి. దేశాల లెక్క స్లెడ్జికి తెలీదు.

కుక్కల మెడపట్టీలకి గంటలున్నాయి. మన మన్యం దారుల్లో టపా రన్నరు బల్లేనికి గజ్జెలు కట్టుకుని పరుగెత్తేవాడు, జంతువులు తప్పుకోడానికీ, ఊరివాళ్ళకి టపా వస్తోందని తెలియడానికీ. ఇక్కడా ఆ గంటలు చేసే పని అదే. చప్పుడు వినపడగానే బెన్నెట్ సరస్సు ఒడ్డున గుడారాలు ఒక్కసారి కదులుతాయి.

వేలమంది ఉన్నారక్కడ. మంచు కరిగాక నది మీద పోవడానికి చెట్లు కోసి పడవలు చేసుకుంటున్నారు. రంపాలు వదిలేసి నీ వైపు పరుగెత్తుకొస్తారు.

"నాకేమన్నా ఉందా? ఒక్కసారి చూడు."

సంచి సీలుతో ఉందని చెబుతావు. ఒకడు తోలు తిత్తి తెరిచి నీ అరచేతిలో బంగారపు రవ్వ పెడతాడు. వేరుశనగ గింజంత. చలిలో కూడా పసుపు రంగు మెరుస్తోంది. "ముడి విప్పి మళ్ళీ కట్టెయ్. ఎవడికి తెలుస్తుంది?"

ఎవడికీ తెలియకపోవచ్చు. లేదా డాసన్‌లో ఆ సీలుని ఇంకో వేలు తడుముతుంది. అప్పుడు వాళ్ళు రసీదు ఇవ్వరు. అక్కడితో ఆగదు. వచ్చే నెల వాళ్ళ మనిషి ఎవడో మీ సంచి ముడి దగ్గర ఇదే ఆలోచన చేస్తాడు.

రవ్వ తిరిగి ఇచ్చేస్తావు.

అయితే ఇంకో దారి ఉంది, అది అందరికీ తెలుసు. సంచితో పని లేకుండా, చేతి ఉత్తరం చేతికి అందించడం. ఉత్తరానికి డాలరు. దీనికి బిళ్ళా లేదు, చిట్టా లేదు, హామీ ఇచ్చే దేశమూ లేదు. అవతల స్కాగ్వేలో సోపీ స్మిత్ అనే మోసగాడు టెలిగ్రాఫ్ ఆఫీసు పెట్టాడనీ, అయిదు డాలర్లు తీసుకుని టెలిగ్రాములు పంపేవాడనీ, ఊళ్ళో అసలు తీగే లేదనీ చెప్పుకుంటారు. ఇలాంటి చోట మనుషులు ఎవర్నో ఒకర్ని నమ్మక తప్పదు. నిన్ను నమ్ముతారు. ఒకటి, రెండు, అయిదు, ఆరు. ఏడోది ఒకావిడ ఇస్తుంది. మగవాళ్ళ బూట్లు వేసుకుంది, చేతులు పగిలి ఉన్నాయి. భర్త శరదృతువులోనే డాసన్ పోయాడట. డాలరు బిళ్ళ నీ చేతిలో పెట్టి, వేళ్ళు తనే మూస్తుంది.

"తడవనీకు," అంటుంది.

కోటు లోపల, చొక్కా జేబులో పెట్టుకుంటావు. గుండె మీద ఆ కాగితాలు గరగరలాడుతుంటాయి.

తరవాతి రోజులన్నీ ఒకేలా ఉంటాయి. సరస్సు దాటితే సరస్సు. టాగిష్ దగ్గర పోలీసు ఠాణాలో టీ. మైల్స్ లోయ, వైట్‌హార్స్ సుళ్ళు ఒడ్డున పక్కదారి. కుక్కల పాదాలకి గుడ్డసంచులు కట్టడం, సాయంత్రం విప్పడం, వేళ్ళ మధ్య మంచు గుళికలు తీయడం. లబార్జ్ సరస్సు ముప్ఫై మైళ్ళ పైన పొడుగు. మధ్యలో గాలికి కనురెప్పలు అతుక్కుపోతాయి, చెయ్యి పెట్టి కరిగించుకోవాలి. రాత్రి గుడారం బయట చిన్న సీసాలో పాదరసం ఉంచుతారు. అది గడ్డకట్టిందంటే సున్నాకి కింద 39 దాటినట్టు, ఆ రోజు ప్రయాణం మానుకోవాలి. పొద్దున సీసా ఊపి చూస్తావు. కదులుతోంది. బద్ధకంగా, కానీ కదులుతోంది.

కదిలింది కాబట్టి బయల్దేరతారు.

లబార్జ్ దాటాక నది మళ్ళీ సన్నబడుతుంది. థర్టీ మైల్ అంటారు ఈ ముక్కని. నీళ్ళు ఇక్కడ ఉరకలేస్తాయి, అందుకే మంచు సరిగ్గా పట్టదు. నది నడుమ నల్లటి నీరు పొగలు కక్కుతూ పోతోంది. దారి అంటే ఒడ్డుకి అతుక్కున్న మంచు అంచు మాత్రమే, బండి వెడల్పు. మీద మెత్తటి మంచు పొడి. దాని కింద ఏముందో పైకి తెలీదు.

నీ తోడు కర్రతో పొడుస్తూ ముందు నడుస్తున్నాడు. టక్. టక్. టక్. గట్టి చప్పుడైతే సరే. బోలు చప్పుడైతే ఒడ్డుకి.

ముందు కుక్క ఆగింది.

చెవులు వెనక్కి పెట్టింది. అరిచినా కదలదు. ముందుకు పోనివ్వాలా, బండిని వెనక్కి లాగాలా? వెనక్కి తిప్పే చోటు లేదు. ఎడమన రాతి గోడ. కుడిన నీళ్ళు.

టక్. టక్. డబ్.

"ఆపు!"

ఆలస్యమైంది. వెనక నువ్వున్నావు, బరువు వెనక ఉంది. కాళ్ళ కింద తుపాకీ పేలినట్టు చప్పుడు. మంచు పలక వంగింది. బండి తోక నీళ్ళలోకి దిగింది. నువ్వూ దిగావు.

నడుము దాకా.

చలి అనిపించదు. కాలినట్టుంటుంది. ఊపిరి లోపలికే పోతుంది, బయటికి రాదు. కాళ్ళని ప్రవాహం లాగేస్తోంది, మంచు కిందకి. మోచేతులు అంచు మీద. అంచు విరుగుతోంది. మళ్ళీ మోచేతులు. మళ్ళీ విరుగుతోంది.

కుక్కలు గోళ్ళు దించి నిలబడ్డాయి. పట్టీలు తీగల్లా బిగిశాయి. తిండి పెట్టె జారిపోయింది. గొడ్డలి పోయింది. కొవ్వొత్తులు పోయాయి. సంచుల పట్టీ ఒకటి తెగింది.

కత్తి చేతిలో ఉంది. పగ్గాలు కోస్తే కుక్కలు బతుకుతాయి, బండి పోతుంది. కొయ్యకపోతే?

"కొయ్యకు! పట్టుకో!"

తోడు మనిషి బోర్లా పడుకుని పాక్కుంటూ వస్తున్నాడు. పై సంచి నీ మొహం ముందుంది. సర్కిల్‌ది. మీది. అడుగుది సగం నీళ్ళలో. డాసన్‌ది. వాళ్ళది. ప్రవాహం దాన్ని గుంజుతోంది. నీకు ఒక చెయ్యే ఖాళీ.

ఎవరిదన్నది అప్పుడు బుర్రలో లేదు. పోతున్నదాన్ని పట్టుకున్నావు. వేళ్ళు ముడి కింద దూరాయి, సీలు అరచేతికి గుచ్చుకుంది. పై సంచిని అతను కర్రతో లాగేశాడు. తరవాత నీ మెడపట్టీ దొరకబుచ్చుకున్నాడు. కుక్కల్ని కసిరాడు. అవి ఒక్కసారిగా ఎగిరాయి.

ఒడ్డు.

లే. కూర్చోకు. ప్యాంటు అప్పుడే రేకులా బిగుస్తోంది. నడిస్తే గలగలమంటోంది. కాళ్ళలో నొప్పి ఉంది. నొప్పి పోయిందంటే పనైపోయినట్టే. నిప్పు కావాలి. ఇప్పుడే.

అతను స్ప్రూస్ చెట్ల కింద ఎండిన కొమ్మలు విరుస్తున్నాడు. కొమ్మలకి మంచు పట్టి ఉంది. బిరడా సీసాలో అగ్గిపుల్లలు. నాలుగు. మొదటిది ఆరిపోయింది. రెండోది పుడక అంచుని నల్లగా చేసి ఆరిపోయింది. పుడకలు అంటుకోవాలంటే ముందు ఏదో పొడిది, పల్చనిది మండాలి. బిర్చి బెరడు లేదు. కొవ్వొత్తి లేదు.

అతను సర్కిల్ సంచి వంక చూస్తాడు. పైనున్నది. పొడిగా ఉన్నది.

"లోపలంతా కాగితమే," అంటాడు.

కత్తి ఇంకా నీ చేతిలోనే ఉంది. వేళ్ళు విడదీద్దామన్నా రావడం లేదు. ఒక్క కోత. ఒక గుప్పెడు కాగితాలు. మిగతా సంచి మిగతా ఊరికి. తప్పెవరు పడతారు? చచ్చినవాడు టపా చేరవెయ్యలేడు కదా.

కత్తి ముడి దాకా వెళ్ళింది.

అప్పుడు గరగరమంది. గుండె దగ్గర.

నడుము దాకానే తడిశావు.

అతను నీ కోటు విప్పాడు, నీ వేళ్ళు పనిచెయ్యడం లేదు. ఏడు కవర్లు తీశాడు. పై దాని మీద నీలి సిరాతో పేరు, కింద డాసన్ అని ఒక్క మాట. నిన్ను అడగలేదు. మూడో పుల్ల గీశాడు.

నీలి సిరా ముందు గోధుమరంగైంది. తరవాత పుడకలు చిటపటమన్నాయి.

నాలుగో పుల్ల ఇప్పటికీ సీసాలోనే ఉంది.

మార్చి నెలాఖరుకి డాసన్. ఎడమ కాలి రెండు వేళ్ళు నల్లబడ్డాయి, ఊడతాయో ఉంటాయో చూడాలి. కుక్కల గంటలు ఊళ్ళోకి రాకముందే జనానికి వినిపించాయి. పోస్టాఫీసు ముందు అప్పుడే వరస కట్టేశారు. ముందు నిలబడ్డవాళ్ళు తమ చోటు అమ్ముకుంటారు ఇక్కడ, అదో వ్యాపారం.

సంచులు లోపలికి మోస్తావు. డాసన్ సంచి తడిసి గడ్డకట్టి కొయ్యదుంగలా ఉంది, బల్ల మీద పెడితే ఠంగుమంది. పోలీసు చీటీ చూస్తాడు. సీలు వేలితో తడుముతాడు. సర్కిల్ సంచినీ అలాగే చూసి, విప్పకుండా, గోడవార పెడతాడు. నదిలో దిగువకి పోయే మనిషి రేపు దాన్ని తీసుకుంటాడు.

తలుపు దగ్గర ఎవరో నీ చెయ్యి తాకుతారు. గడ్డం, బుగ్గల మీద చలికి పడ్డ మచ్చలు.

"సంచి విప్పేదాకా ఆగాలి," అంటావు.

"సంచిలో కాదు. మా ఆవిడ బెన్నెట్ దగ్గర ఉందని విన్నాను. ఎవరి చేతికైనా ఇచ్చి పంపిందేమోనని."

జేబులో ఏడు డాలరు బిళ్ళలున్నాయి. పేరు అడిగితే తెలిసిపోతుంది.

అడగవు.

పోలీసు పుస్తకంలో రాస్తున్నాడు, పైకే చదువుతూ: సంచులు రెండు, ఒకటి తడిసింది, సీళ్ళు రెండూ సరిగ్గా ఉన్నాయి. రసీదు చింపి నీ వైపు జరుపుతాడు.

"ఇంకేమన్నా తెచ్చావా?"

"లేదు," అంటావు.